మీ భజన ఫైలు మీద పేరుందా? ఆడాసిటీ సెట్టింగులు, మెటాడేటా: ఒక పాఠం

మన ఛానెల్‌లో కీర్తనలు విని "మా ఊళ్ళో కూడా భజన చేస్తాం, ఎట్లా రికార్డ్ చేయాలి, ఫైల్ ఎట్లా పంపాలి" అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ పాఠం వాళ్ళ కోసం. ఇందులో రెండు భాగాలు. ఒకటి, రికార్డింగ్‌కి ముందు ఆడాసిటీలో ఏ సెట్టింగులు సరిచూసుకోవాలి. రెండు, పాట పూర్తయ్యాక ఆ ఫైలు లోపల ఏ వివరాలు రాయాలి. మొదటిది చాలామందికి ఎంతోకొంత తెలుసు. రెండోదాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో మాత్రం రెండోదే ముఖ్యం. ఎందుకో ముందు చెప్తాను.

రాగిరేకు చెప్పే పాఠం

రాజంపేట దగ్గరి తాళ్ళపాక మన అన్నమయ్య పుట్టిన ఊరు. ఆయన 1408లో పుట్టి 1503లో పరమపదించారు. ఆయన, ఆయన కొడుకు పెద్ద తిరుమలాచార్యులు, మనవడు చిన్న తిరుమలాచార్యులు రాసిన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో సంకీర్తన భాండాగారంలో దాచారు. రెండు వేలకు పైగా రేకులు. ఈ సంగతి మీలో చాలామందికి తెలుసు.

అయితే ఆధ్యాత్మ సంకీర్తనల మొదటి రేకు మీద ఏముందో గమనించారా? పాట కంటే ముందు ఒక పరిచయ వాక్యం ఉంటుంది. శాలివాహన శకం 1346, క్రోధి సంవత్సరంలో, అన్నమాచార్యులకు పదహారేళ్ళప్పుడు తిరువేంగళనాథుడు ప్రత్యక్షమయ్యాడని, అప్పటి నుంచి శకం 1424, దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా స్వామికి అంకితంగా చేసిన ఆధ్యాత్మ సంకీర్తనలు ఇవి అని దాని సారాంశం. మన లెక్కలో 1424 నుంచి 1503 వరకు.

ఇప్పుడు ఒక ఆడియో ఫైలులో ఉండే ఖానాలతో పోల్చి చూడండి. ఎవరు రాశారు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎవరికి అంకితం, ఏ తరహా పాటలు. అన్నీ ఉన్నాయి. ఆ పైన ఒక్కో పాటకూ రాగం పేరు కూడా చెక్కారు. కంప్యూటర్ వాళ్ళం మెటాడేటా అని పిలిచేది ఇదే. సరుకు గురించి సరుకుతో పాటే ఉండే వివరం.

ఈ వివరం లేకపోతే ఏమయ్యేది? తండ్రి, కొడుకు, మనవడు ముగ్గురూ పాటను వేంకటేశుడి ముద్రతోనే ముగించారు. కాబట్టి ముద్ర చూసి ఇది అన్నమయ్యది, ఇది ఆయన కొడుకుది అని తేల్చలేం. రేకు మీద పేరు ఉంది కాబట్టే తెలుస్తోంది. ఇంకో మాట. రేకుల మీద రాగం పేరుంది గానీ, సాధారణంగా తాళం పేరు, స్వరం లేవు. అందుకే అసలు వరసలు మనకు దక్కలేదు. ఈ రోజు మనం వింటున్న వరసల్లో ఎక్కువ భాగం 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు వంటి వాళ్ళు కూర్చినవి. రాసిపెట్టింది నిలిచింది. రాసిపెట్టనిది పోయింది.

పోతన భాగవతంలోనూ ఇదే తీరు. స్కంధం చివర గద్యలో కవి తన పేరు, తండ్రి పేరు చెప్పుకుంటాడు. ఆ గద్యల వల్లే ఐదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, పదకొండు, పన్నెండు నారయవి అని తెలుసుకున్నాం. గద్య లేకపోతే ఆ ముగ్గురి కష్టం కూడా పోతన ఖాతాలోకి పోయేది.

పేరులేని 19 ఫైళ్ళు

ఇదంతా పాతకాలం ముచ్చట కదా అనుకోవద్దు. ప్రొద్దుటూరు వైపు ఒక పల్లె భజన బృందం వాళ్ళు మాకు ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చారు. పాత క్యాసెట్ల నుంచి ఎవరో కంప్యూటర్‌లోకి ఎక్కించిన 19 ఫైళ్ళు. పేర్లు ట్రాక్ 01, ట్రాక్ 02, అంతే. లోపల తెరిచి చూస్తే పాట పేరు, పాడినవాళ్ళ పేరు, సంవత్సరం అన్నీ ఖాళీ. తేదీ ఒకటి కనిపించింది గానీ అది పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసిన తేదీ.

ఆ ఊరి అమ్మాయి ఒకామె డిగ్రీ చదువుతోంది. "అన్నా, వీటిల్లో మా జేజి పాడినవి ఉన్నాయంట. ఏవో చెప్తారా? నేను పుట్టకముందే పోయింది, గొంతు ఎట్లుంటుందో నాకు తెలీదు" అని అడిగింది.

సాఫ్ట్‌వేర్‌తో దీనికి జవాబు దొరకదు. ఆ రోజుల్లో ఆ బృందంలో తాళాలు వేసిన ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసి ఆయన్ను కూర్చోబెట్టి అన్నీ వినిపించాం. "ఇది మీ జేజిదే మా" అని ఏడు పాటలు గుర్తుపట్టాడు. ఇంకో నాలుగు వేరేవాళ్ళవని పేర్లతో సహా చెప్పాడు. మిగిలిన ఎనిమిది ఆయనకూ తెలియలేదు. ఆ ఎనిమిదింటికి "గాయని పేరు తెలియదు" అని రాసిపెట్టాం. వాటిల్లో ఆ అమ్మాయి జేజి పాట ఇంకొకటి ఉందేమో, ఎప్పటికీ తెలియకపోవచ్చు. ఆ రోజు క్యాసెట్ ఎక్కించిన మనిషి ఒక్కో ఫైలుకు ఒక్క నిమిషం వెచ్చించి ఉంటే సరిపోయేది.

ఈ పాఠం ఆ ఒక్క నిమిషం గురించే. ఇక పనిలోకి దిగుదాం.

మొదటి భాగం: రికార్డింగ్‌కి ముందు

ఆడాసిటీ ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ పనిచేస్తుంది.

1. మైక్ ఎంపిక. పైన 'ఆడియో సెటప్' బటన్ నొక్కి 'రికార్డింగ్ డివైస్'లో మీ మైక్ పేరే ఉందో లేదో చూడండి. యూఎస్‌బీ మైక్ పెట్టినా చాలాసార్లు ల్యాప్‌టాప్ లోపలి మైకే ఎంపికై ఉంటుంది. మైక్ మీద గోటితో మెల్లగా తడితే మీటర్ కదలాలి. ఒక్కరే పాడుతుంటే, మైక్ ఒక్కటే అయితే 'మోనో' చాలు.

2. శాంపుల్ రేటు. 'ప్రిఫరెన్సెస్'లో ఆడియో సెట్టింగుల దగ్గర ఇది ఉంటుంది. సీడీ లెక్క 44,100 హెర్ట్జ్, వీడియో లెక్క 48,000 హెర్ట్జ్. మనం చివరికి వీడియోలో పెడతాం కాబట్టి 48,000 పెట్టుకోండి. శాంపుల్ ఫార్మాట్ '32 బిట్ ఫ్లోట్' అలాగే ఉంచండి. ఎడిటింగ్‌లో శబ్దం హద్దు దాటినా మళ్ళీ తగ్గించుకోవచ్చు. అయితే మైక్ దగ్గరే పగిలిపోయిన శబ్దాన్ని ఏ ఫార్మాటూ బాగుచేయలేదు.

3. లెవెల్. అత్యంత గట్టిగా పాడే చరణం ఒకసారి పాడించి చూడండి. మీటర్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్ మధ్య ఆడాలి. సున్నాను తాకకూడదు. భజనలో అందరూ ఒక్కసారి "గోవిందా" అన్నప్పుడు మీటర్ ఎంత పైకి పోతుందో చూసి గెయిన్ పెట్టండి. ఒక్కరు మెల్లగా పాడిన చోటు చూసి పెట్టొద్దు.

4. గది. కర్నూలు, కడప జిల్లాల్లో మన ఇళ్ళకు ఒక ప్రత్యేక సమస్య ఉంది. కింద కడప బండలో బేతంచెర్ల నాపరాళ్ళో ఉంటాయి, గోడలు నున్నగా ఉంటాయి. రాయి శబ్దాన్ని తాగదు, తిప్పికొడుతుంది. అందుకే గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. కింద జంపఖానా పరచండి, పాడేవాళ్ళ వెనక తాడు కట్టి రెండు బొంతలు వేలాడదీయండి. ఏ ప్లగిన్ కంటే ఇది నయం. మా ఎండల్లో ఫ్యాన్ ఆపడం శిక్షే, కానీ పాట పాడే ఐదు నిమిషాలు ఆపాల్సిందే. ఏ ఫోన్లోనో ఛార్జర్ మీద ఉన్న ల్యాప్‌టాప్‌లోనో సన్నగా 'జుయ్' అని వినబడితే అది కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ హమ్. ఛార్జర్ తీసి చూడండి.

5. ఖాళీ శబ్దం. ఇది మాత్రం మరవొద్దు. శ్రుతిపెట్టె ఆన్ చేయకముందే పది సెకన్లు అందరూ నిశ్శబ్దంగా ఉండి రికార్డ్ చేయండి. తర్వాత 'నాయిస్ రిడక్షన్'లో ఆ పది సెకన్లు ఎంచుకొని 'గెట్ నాయిస్ ప్రొఫైల్' నొక్కి, ఆపై మొత్తం పాట ఎంచుకొని 6 డెసిబెల్‌తో మొదలుపెట్టండి, 12 దాటొద్దు. శ్రుతి మోగుతున్నప్పుడు తీసుకున్న ముక్కను ప్రొఫైల్‌గా ఇస్తే ఆడాసిటీ శ్రుతినే చప్పుడు అనుకొని తీసేస్తుంది. తంబుర ఎప్పుడూ ఒకేలా మోగుతుంది, ఫ్యాన్ చప్పుడూ ఒకేలా ఉంటుంది. ఏది దైవకార్యమో దానికేం తెలుసు?

6. చివరి శబ్దస్థాయి. 'లౌడ్‌నెస్ నార్మలైజేషన్'లో మొదట మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ కనిపిస్తుంది. అది యూరప్ టీవీ ప్రసారాల లెక్క. యూట్యూబ్ సుమారు మైనస్ 14 కంటే గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది, మెల్లగా ఉన్నవాటిని పెంచదు. అందుకని మైనస్ 16, మైనస్ 14 మధ్య పెట్టుకోండి. మోనో ఫైలైతే 'ట్రీట్ మోనో యాజ్ డ్యూయల్ మోనో' గడిలో టిక్ ఉందో లేదో చూడండి. తర్వాత లిమిటర్‌తో మైనస్ 1 దగ్గర ఆపండి.

రెండో భాగం: ఫైలు లోపలి పేరు

'ఎడిట్' మెనూలో మెటాడేటా ఎడిటర్ ఉంటుంది. కొత్త వెర్షన్లలో 'ఎక్స్‌పోర్ట్ ఆడియో' విండోలోనూ 'ఎడిట్ మెటాడేటా' బటన్ కనిపిస్తుంది. తెరిస్తే ఏడు వరసలు ఉంటాయి. ఒక్కోదాంట్లో ఏం రాయాలో చెప్తాను.

ఆర్టిస్ట్ నేమ్: పాడినవాళ్ళ పేరు. ఛానెల్ పేరు కాదు, అన్నమయ్య పేరూ కాదు. బృందమైతే బృందం పేరు, ముందు పాడినవాళ్ళ పేరు రెండూ రాయండి.

ట్రాక్ టైటిల్: పల్లవి మొదటి మాటలు, తెలుగు లిపిలోనే.

ఆల్బమ్ టైటిల్: సందర్భం. ఉదాహరణకు "దేవుని కడప రథసప్తమి భజన" లేదా "అహోబిలం యాత్ర కీర్తనలు".

ట్రాక్ నంబర్: ఆ రోజు పాడిన వరస.

ఇయర్: రికార్డ్ చేసిన సంవత్సరం. కీర్తన రాసిన సంవత్సరం కాదు.

జాన్రా: భజన, సంకీర్తన, తత్వం, ఏదైతే అది. బ్రహ్మంగారి తత్వాన్ని తీసుకొచ్చి 'క్లాసికల్' అని పెట్టొద్దు.

కామెంట్స్: ఊరు, తేదీ, రికార్డ్ చేసినవాళ్ళ పేరు, అనుమతి ఇచ్చారా లేదా.

ఈ ఏడింటితో మన పని పూర్తవదు. కింద 'యాడ్' బటన్ నొక్కి ఇంకో నాలుగు వరసలు చేర్చుకోండి: రచన, వరస కూర్చినవారు, రాగం, తాళం. ఎడమవైపు ఉండే వరస పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. ఫ్లాక్ ఫైళ్ళలో ఆ పేరుకు తెలుగు లిపి ఒప్పుకోదు, దాని ఎదుట రాసే వివరానికి ఒప్పుకుంటుంది.

రచనకూ వరసకూ వేరే గళ్ళు ఎందుకంటే, కీర్తన 15వ శతాబ్దానిదే అయినా వరస మొన్నటిది కావచ్చు. మన దేశంలో కాపీరైట్ రచయిత మరణం తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. సౌండ్ రికార్డింగ్‌కి ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్ళు. రాళ్ళపల్లి వారు 1979లో పోయారు, లెక్క వేసుకోండి. "అన్నమయ్య పాటే కదా, ఎవరిని అడగాలి" అనడం చట్టానికీ సరిపోదు, ధర్మానికీ సరిపోదు. ఎవరి వరస పాడుతున్నారో వాళ్ళ పేరు రాయడం కనీస మర్యాద.

రాగం దగ్గర ఇంకో జాగ్రత్త. రేకు మీది రాగం, మీరు పాడిన రాగం వేరు కావచ్చు. రెండూ తెలిస్తే "రేకులో ఫలానా, పాడింది ఫలానా" అని రాయండి. తెలియకపోతే ఖాళీగా వదిలేయండి. ఊహించి రాసిన పేరు ఖాళీ కంటే చెడ్డది. ఖాళీని రేపు తెలిసినవాళ్ళు పూరిస్తారు, తప్పును ఎవరూ అనుమానించరు. అట్లాగే వేంకటేశుడి మీద ఉన్న ప్రతి పాటకూ అన్నమయ్య పేరు తగిలించొద్దు.

ప్రతిసారీ ఇవన్నీ టైప్ చేయాల్సిన పని లేదు. మారని వివరాలు నింపి అదే విండోలో 'సేవ్' నొక్కితే టెంప్లేట్‌గా ఉండిపోతుంది. మరోసారి 'లోడ్' నొక్కితే చాలు. రాత్రంతా జరిగిన భజన ఒకే పొడవాటి రికార్డింగ్ అయితే, ఒక్కో పాటను ఎంచుకొని కంట్రోల్, బి కలిపి నొక్కి లేబుల్ పెట్టండి. లేబుల్‌లో పల్లవి రాయండి. తర్వాత లేబుళ్ళ ప్రకారం వేర్వేరు ఫైళ్ళుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే పాట పేరు, వరస సంఖ్య వాటంతటవే నిండుతాయి.

తెలుగు అక్షరాలు ఎందుకు పోతాయి?

"తెలుగులో రాశాను, వేరే చోట పిచ్చి గుర్తులు వచ్చాయి" అని మీలో కొందరు అంటుంటారు. కారణం చిన్నదే. ఎంపీ3 ఫైళ్ళ చివర వివరాలు పెట్టే పాత పద్ధతి ఐడీ3 మొదటి తరం, 1996 నాటిది. దానికి మొత్తం 128 బైట్లే. పాట పేరుకు 30, గాయకుడికి 30, ఆల్బమ్‌కు 30. అదీ ఇంగ్లీషు వంటి లిపులను మనసులో పెట్టుకొని చేసింది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. "అన్నమాచార్య" అనే మాటలో ఒత్తులు, దీర్ఘాలు, పొల్లు అన్నీ కలిపి 11 గుర్తులు, అంటే 33 బైట్లు. మన వాగ్గేయకారుడి పేరే ఆ గడిలో పట్టదు!

తర్వాత వచ్చిన ఐడీ3 రెండో తరంలో ఈ ఇబ్బంది లేదు, యూనికోడ్ బాగా పడుతుంది. ఆడాసిటీ కూడా దాన్నే వాడుతుంది. ఇప్పటికీ ఏ కారు స్టీరియోలోనో ఖాళీ డబ్బాలు కనిపిస్తే, అందులో తెలుగు ఫాంట్ లేదని అర్థం. ఫైలు బాగానే ఉంటుంది, తీసి మళ్ళీ ఇంగ్లీషులో రాయకండి.

ఏ ఫార్మాట్‌లో దాచాలి?

ఆడాసిటీ 3 నుంచి ప్రాజెక్ట్ మొత్తం ఒకే ఏయూపీ3 ఫైలుగా ఉంటుంది. ఎడిటింగ్ అయ్యేవరకు అది ఉంచండి. ఆ తర్వాత రెండు కాపీలు చేయండి.

దాచుకోవడానికి ఫ్లాక్. శబ్దం ఒక్క చుక్క కూడా తగ్గదు, వివరాలు యూటీఎఫ్-8లో ఉంటాయి. రాగం, తాళం అని మీకు కావలసిన వరసలు ఎన్నైనా చేర్చుకోవచ్చు. వేవ్ ఫైల్ కూడా మంచిదే గానీ పెద్దది. 48,000 హెర్ట్జ్, 24 బిట్, మోనో అయితే గంటకు సుమారు 518 ఎంబీ. పైగా అందులో తెలుగు వివరాలు అన్ని ప్లేయర్లలో సరిగ్గా రావు.

పంచుకోవడానికి ఎంపీ3. 192 కేబీపీఎస్ అయితే నిమిషానికి ఒకటిన్నర ఎంబీ లోపే.

ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ ద్వారా ఆడియోగా పంపితే ఫైలు పేరు మారిపోయి తేదీ, ఒక అంకె మాత్రమే మిగులుతాయి. అందుకే పేరును ఫైలు పైన మాత్రమే రాయొద్దు, లోపల కూడా రాయమంటున్నాను. డాక్యుమెంట్‌గా పంపితే పై పేరు కూడా నిలుస్తుంది. యూట్యూబ్ మాత్రం లోపలి వివరాలు చదవదు. మొదట ఫైలు పేరునే టైటిల్‌గా చూపిస్తుంది. కాబట్టి గాయకులు, రచన, వరస, రాగం వివరాలు డిస్క్రిప్షన్‌లో మళ్ళీ మీరే రాయాలి.

చివరగా ఒక హెచ్చరిక. వివరం రాయడమంటే అన్నీ రాయడం కాదు. ఫోన్ నంబర్, ఇంటి చిరునామా ఫైలులో పెట్టొద్దు. కొందరు అమ్మలు "పేరు వద్దు నాయనా, స్వామికి వినిపిస్తే చాలు" అంటారు. అడగండి, వాళ్ళు వద్దంటే ఊరి పేరు, బృందం పేరుతో ఆపండి. ఫోన్‌తో వీడియో తీసేటప్పుడు కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ ఇంటి స్థలం కూడా ఫైలులో పడుతుందని గుర్తుంచుకోండి.

ఈ వారం మీ పని

మీ ఫోన్లో ఇంట్లోవాళ్ళు పాడిన పాత రికార్డింగ్ ఏదో ఒకటి ఉంటుంది. అమ్మ వ్రతం రోజు పాడిన మంగళహారతి కావచ్చు, తాత తత్వం కావచ్చు. దాన్ని కంప్యూటర్‌లోకి తీసుకొని ముందు ఒక కాపీ చేసి, ఆ కాపీని ఆడాసిటీలో తెరవండి. ఎడిటింగ్ ఏమీ వద్దు. పాడినవాళ్ళ దగ్గరికి పోయి "ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అని అడగండి. ఆ జవాబు కామెంట్స్ గడిలో రాసి, ఫ్లాక్‌గా సేవ్ చేయండి. ఆ ప్రశ్న అడగడానికి మనిషి ఎదురుగా ఉన్నప్పుడే అడగాలి.

వచ్చే పాఠంలో రెండు మైకులతో మృదంగం, గాత్రం కలిపి రికార్డ్ చేయడం చూద్దాం. అందరికీ ఆ తిరువేంగళనాథుడి ఆశీస్సులు ఉండాలి. గోవిందా, గోవింద!